సున్నం తినే బూడిద

చంద్రపూర్ జిల్లా రాజురాలో మేస్త్రీలు, బూడిద ఇటుకల తయారీదారుల ముందు చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వర్ధా నది అవతల బల్లార్షా, చాందా (చంద్రపూర్) నుంచి వచ్చినవాళ్ళున్నారు. ఇటు గడ్‌చాందూర్, కోర్పనా వాళ్ళున్నారు. వాంకిడి దాటి వచ్చిన ఆసిఫాబాద్ వాళ్ళూ కనబడుతున్నారు. ఈ ప్రాంతంలో తరచూ వినబడే ఒక ప్రశ్నతోనే మొదలుపెడతాను. "రోమ్ వాళ్ళు అగ్నిపర్వతం బూడిదతో కట్టినవి రెండు వేల ఏళ్ళయినా నిలిచున్నాయంట. మన నల్లరాయి కూడా ఒకప్పటి లావానే కదా. క్రషర్ల దగ్గర గుట్టలుగా పడున్న నల్లరాతి పొడిని సున్నంలో కలిపితే ఆ గట్టిదనం రాదా?" రాదు. ఎందుకు రాదో తెలిస్తే ఈ పనిలో సగం తెలిసినట్టే.

యవత్మాళ్ వైపు, ఆదిలాబాద్ వైపు కనిపించే ఈ నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట లావాగా పారింది. మందపాటి పొరలుగా పారి, నిదానంగా చల్లారింది. నిదానంగా చల్లారినప్పుడు అందులోని సిలికా, అల్యూమినా అనే పదార్థాలు ఒక వరుసలో కుదురుకుని స్ఫటికాలు కడతాయి. అగ్నిపర్వతం పేలినప్పుడు జరిగేది వేరు. కరిగిన రాయి లోపలి వాయువులతో నురగలెత్తి, తునకలు తునకలై గాలిలోకి ఎగురుతుంది, క్షణాల్లో చల్లారుతుంది. వరుస కట్టే సమయం దానికి దొరకదు. ముదురు పంచదార పాకాన్ని కదపకుండా రోజుల తరబడి ఉంచితే కలకండ పలుకులు కడుతుంది, చల్లని బండమీద గబుక్కున పోస్తే గాజుబిళ్ళ అవుతుంది. రెండూ పంచదారే, కట్టుబడి వేరు. రాయి సంగతీ అంతే. మామూలు వేడిలో తడి సున్నం గాజును కరిగించగలదు. స్ఫటికాన్ని కదిలించలేదు.

సున్నం గాజును కరిగిస్తే బయటికొచ్చే సిలికా, అల్యూమినా ఆ సున్నంతోనే కలిసి జిగురు కడతాయి. సిమెంటును గట్టిపరిచే జిగురు కూడా ఈ జాతిదే. అది నీటి అడుగున కూడా బిగుస్తుంది. ఒట్టి సున్నం అలా కాదు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని పైనుంచి లోపలికి మెల్లగా గట్టిపడుతుంది, ఆలోగా నీళ్ళలో పడితే విడిపోతుంది. ఇటలీలో నేపుల్స్ పక్కన పొజ్జువోలి అనే ఊరుంది. అక్కడి బూడిదకు ఈ గుణం ఉందని రోమన్లు కనిపెట్టారు. ఆ ఊరి పేరుమీదే ఇలాంటి పొడులన్నిటినీ పొజ్జోలానా అంటున్నారు. నల్లరాతి పొడి పొజ్జోలానా కాదు. అది మంచి ఇసుక, మంచి పూరకం. ఆ పని దానికివ్వండి, సున్నం తినే పని మాత్రం ఇవ్వకండి.

రోమన్ల పాళ్ళు మనకు తెలుసు. నేలమీది కట్టడానికి 1 పాలు సున్నం, 3 పాళ్ళు బూడిద. సముద్రంలో కట్టే రేవులకు 1 పాలు సున్నం, 2 పాళ్ళు బూడిద. విట్రువియస్ అనే వాళ్ళ వాస్తుశిల్పి రాసిపెట్టిన లెక్క ఇది. రోమ్‌లోని పాంథియాన్ గుమ్మటం 43 మీటర్ల వెడల్పు, ఇనుము లేని కాంక్రీటు, వయసు సుమారు 1,900 ఏళ్ళు. కింద బరువైన రాతిముక్కలు వేసి, పైకి పోయేకొద్దీ తేలికవి వేస్తూ, నెత్తిన నీళ్ళమీద తేలే నురగరాయి వేశారు. సముద్రంలోని దిమ్మల మీద మేరీ జాక్సన్ బృందం చేసిన పరిశోధన 2017లో వచ్చింది. ఉప్పునీరు దిమ్మలోకి ఇంకుతూ బూడిదను కరిగిస్తుంటే టోబర్మొరైట్, ఫిలిప్సైట్ అనే ఖనిజాలు సందుల్లో పెరిగి దిమ్మను అల్లుకున్నాయని అందులో తేలింది. 1860లలో సూయజ్ కాలువ పనులకు గ్రీసులోని సాంటొరిని దీవి బూడిదను ఓడల్లో తెచ్చారు. అంటే ఇది పాతకాలపు వింత కాదు, ఇంజనీర్లు లెక్కపెట్టి వాడిన సరుకు.

అలాంటి బూడిద మన దగ్గర లేదా అంటే, ఉంది. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలి బూడిద ఇక్కడిదాకా వచ్చి పడింది. కర్నూలు సీమలోని జ్వాలాపురంలో ఆ పొరలు దొరికాయి. కానీ అవి ఇటుకలకు తవ్వుకునే నిధులు కావు. మనుషుల పాత చరిత్రను ఆ పొరల్లోనే చదువుతున్నారు, వాటి జోలికి పోవద్దు.

మనకు రోజూ పుట్టే బూడిద మరొకటుంది. చంద్రపూర్ థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. సరిహద్దు దాటితే రామగుండం ఉంది. మన బొగ్గులో నూటికి 30 నుంచి 45 పాళ్ళు బూడిదే. బొగ్గును పొడిచేసి కొలిమిలోకి ఊదినప్పుడు ఆ మంట 1,300 డిగ్రీలు దాటుతుంది. బొగ్గులోని మట్టి కరిగి బొట్లవుతుంది. పొగతోపాటు పైకిపోతూ క్షణాల్లో చల్లారి గాజు గుండ్లవుతుంది. అగ్నిపర్వతం చేసే పనే ఇది, కొలిమిలో జరుగుతోంది. అందుకే రోమన్ల లెక్క మనకు ఇక్కడ పనికొస్తుంది.

అయితే రెండు బూడిదలూ ఒకటే అనుకుని పాళ్ళు దింపేస్తే దెబ్బతింటారు. అగ్నిపర్వత బూడిద రేణువులు పదునైన పెంకుల్లా ఉంటాయి, లోపల సన్నని బెజ్జాలుంటాయి. అవి నీళ్ళు ఎక్కువ తాగుతాయి. ఆ బూడిద దొరికే దేశాల్లో దాన్ని తవ్వి, ముందు ఆరబెట్టి, బాల్ మిల్లులో 45 మైక్రాన్ల జల్లెడ దిగేంత మెత్తగా రుబ్బుతారు. తడి బూడిద మిల్లులో అంటుకుని రుబ్బుడు పడదు, ఆరబెట్టేది అందుకే. కొత్తగా రాలిన బూడిదకు సల్ఫేట్లు, క్లోరైడ్లు అంటుకుని వస్తాయి, కడగకుండా కాంక్రీటులో వేస్తే లోపలి ఊచలు తుప్పుపడతాయి. మన థర్మల్ బూడిద గుండ్లు నున్నగా ఉంటాయి, ఒకదానిమీద ఒకటి జారతాయి, కాబట్టి నీళ్ళు తక్కువ చాలు. దీని జబ్బు వేరు, కాలకుండా మిగిలిన బొగ్గు. అది నీళ్ళు పీలుస్తుంది, బలమివ్వదు.

బూడిద కొనేటప్పుడు ఎక్కడినుంచి తీశారో అడగండి. చిమ్నీ ముందుండే ధూళి పట్టే యంత్రం తొట్ల నుంచి తీసిన పొడి బూడిద కావాలి. ఆ తొట్లు వరసగా ఉంటాయి. మొదటి వరసలో ముతకది ఎక్కువగా పడుతుంది, వెనక వరసల్లో మెత్తనిది పడుతుంది. నీళ్ళతో కలిపి చెరువులోకి తోలిన బూడిదలో కొలిమి అడుగు ముతక కూడా కలిసిపోతుంది. అది ఇసుక బదులు పనికొస్తుంది, గాజు బదులు దాన్ని నమ్మొద్దు. భారత ప్రమాణం ఐఎస్ 3812 ప్రకారం సిలికా, అల్యూమినా, ఐరన్ ఆక్సైడ్ కలిపి నూటికి 70 పాళ్ళకు తగ్గకూడదు. 45 మైక్రాన్ల జల్లెడమీద తడిగా జల్లిస్తే 34 శాతానికి మించి మిగలకూడదు. కాల్చినప్పుడు తరిగే బరువు, అంటే ముఖ్యంగా మిగులు బొగ్గు, 5 శాతం దాటకూడదు. సున్నంతో చేసే పరీక్షలో చదరపు మిల్లీమీటరుకు కనీసం 4.5 న్యూటన్ల బలం రావాలి. ఈ నాలుగు అంకెలూ ఉన్న కాగితం అమ్మేవాళ్ళను అడిగి తీసుకోండి.

కాగితం లేనప్పుడు చేయదగిన పరీక్ష చెప్తాను, జాగ్రత్తగా వినండి. ఒక గాజు గ్లాసు నీళ్ళలో గుప్పెడు బూడిద వేసి కలిపి వదిలేయండి. పైన తెల్లటి సన్నని తెట్టు తేలితే భయం లేదు, అవి బోలు గుండ్లు. నల్లటి తెట్టు తేలితే అది కాలని బొగ్గు, ఆ లోడు వెనక్కి పంపండి. తర్వాత అసలు పరీక్ష. జల్లించిన బూడిద 200 గ్రాములు, చల్లార్చి జల్లించిన సున్నం 100 గ్రాములు తూచి, ముద్దయ్యేంత నీళ్ళు పోసి, నిమ్మకాయంత ఉండలు ఆరు చేయండి. పక్కనే బూడిద బదులు నల్లరాతి పొడి 200 గ్రాములతో ఇంకో ఆరు ఉండలు చేయండి. రెండింటినీ తడి గోనెలో చుట్టి, ఆపైన ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, నీడలో వెచ్చని చోట పది రోజులు ఉంచండి. తీసి బకెట్ నీళ్ళలో ఒక రోజు నానబెట్టండి. నల్లరాతి ఉండలు మెత్తబడి వేలికి ఊడివస్తాయి. బూడిద ఉండలు గట్టిగా నిలిస్తే అందులో సున్నం తినే గాజు ఉన్నట్టే. అవీ మెత్తబడితే తప్పు బూడిదదో సున్నానిదో తేల్చుకోవాలి. మంచిదని ముందే తెలిసిన సున్నంతో మళ్ళీ చేస్తే తేలిపోతుంది. ఉండలు తడి ఆరిపోతే మాత్రం ఈ పరీక్షకు విలువ లేదు.

ఇక ఇటుక. సున్నం, జిప్సం, బూడిద కలిపే ఈ పద్ధతిని ఫాల్‌జీ పేరుతో దేశమంతా నడిపించింది విశాఖపట్నం వాళ్ళు, భానుమతీదాస్, కాళిదాస్. తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోవాల్సిన పని అది. అందరూ వాడే పాళ్ళు ఇలా ఉంటాయి. బూడిద 57 నుంచి 65 శాతం, ఇసుక లేదా క్రషర్ డస్ట్ 18 నుంచి 27, చల్లార్చిన సున్నం 9 నుంచి 12, జిప్సం 5. పాన్ మిక్సర్‌లో 250 కిలోల ఘాణీకి, అంటే ఒకసారి వేసి కలిపే సరుకుకు, లెక్కవేస్తే బూడిద 150 కిలోలు, డస్ట్ 62, సున్నం 25, జిప్సం 13. నీళ్ళు 20 నుంచి 25 లీటర్లు, డస్ట్ తడిగా ఉంటే ఇంకా తక్కువ. 230, 110, 75 మిల్లీమీటర్ల ఇటుక ఒక్కోటి సుమారు 3 కిలోలు తూగుతుంది కాబట్టి ఆ ఘాణీకి 80 దాకా ఇటుకలొస్తాయి. అన్నిటినీ తూకం వేయండి. తసలాలతో, అంటే తట్టలతో కొలిస్తే బూడిద ఒకసారి పొంగి ఉంటుంది, ఒకసారి అణిగి ఉంటుంది, పాళ్ళు రోజుకోరకంగా మారిపోతాయి.

కలిపే వరస కూడా ముఖ్యం. ముందు బూడిద, సున్నం, జిప్సం పొడిగానే రెండు నిమిషాలు తిప్పండి. తర్వాత నీళ్ళు చిలకరిస్తూ మూడు నాలుగు నిమిషాలు. రోలర్ల కింద నలిగి సున్నం గాజు గుండ్లకు పట్టాలి. డస్ట్ చివరికి. ముందే డస్ట్ వేస్తే సున్నం ఆ పలుకులకు అంటుకుని వృథా అవుతుంది. పదును చూడటానికి గుప్పెడు తీసి పిసకండి. ముద్ద నిలవాలి, అరచేతికి నీరు అంటకూడదు, నడుమెత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలు కావాలి. పొడిపొడిగా రాలితే నీళ్ళు చాలలేదు. పచ్చడిలా అతుక్కుంటే ఎక్కువయ్యాయి, అలాంటిది అచ్చులోనే పట్టుకుని మూలలు విరుగుతాయి.

సున్నం దగ్గర జరిగే తప్పు అన్నిటికన్నా పెద్దది. 2023లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు, రోమన్లు చల్లార్చని సున్నాన్ని వేడివేడిగా కలిపారని, మిగిలిపోయిన తెల్లని గడ్డలే తర్వాత పగుళ్ళలో కరిగి వాటిని పూడ్చాయని చెప్పారు. అది చదివి మన ప్రెస్ ఇటుకలోనూ పచ్చి సున్నం వేద్దామనుకోవద్దు. చల్లారని గడ్డ ఇటుకలో మిగిలితే నీళ్ళు తగిలాక ఉబ్బుతుంది, బఠాణీ గింజంత ఉన్నా ఇటుక ముఖం పెళ్ళగిస్తుంది. కొన్నిసార్లు గోడ కట్టాక, ప్లాస్టరు వేశాక పగులుతుంది. సున్నాన్ని ముందురోజే నీళ్ళుపోసి చల్లార్చి, సన్న జల్లెడ పట్టి, గడ్డలను పక్కన పడేయండి. చల్లార్చిన సున్నాన్ని బస్తా మూతి తీసి వారాల తరబడి ఉంచినా పాడవుతుంది. గాలికి తిరిగి సున్నపురాయిగా మారిపోతుంది, ఆ పొడికి బూడిదతో పనే లేదు.

జిప్సం మొదటి రోజుల బలం కోసం. బూడిద, సున్నం మధ్య చర్య నిదానం, ఈలోగా ఇటుకను చేతపట్టి పేర్చగలిగే గట్టిదనం జిప్సం ఇస్తుంది. 5 శాతం చాలు. త్వరగా గట్టిపడుతోంది కదా అని 10, 12 వేస్తే గట్టిపడ్డ తర్వాత లోపల ఉబ్బే ఖనిజం పెరిగి ఇటుక వెంట్రుకవాసి గీతలతో పగులుతుంది. ఎరువుల ఫ్యాక్టరీ జిప్సం తీసుకుంటే అందులో ఆమ్లం మిగిలి ఉంటుంది, అది సున్నాన్ని తినేస్తుంది, కడిగి ఆరబెట్టి వాడండి. ప్రెస్‌లో ఇటుక పొరలుపొరలుగా విడిపోతుంటే లోపల గాలి చిక్కిందని అర్థం. పిస్టన్ వేగం తగ్గించి, ఒకసారి నొక్కి వదిలి మళ్ళీ నొక్కండి.

నీళ్ళు పట్టడం గురించి ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మన జిల్లాలో ఇటుక చచ్చేది ఇక్కడే. అచ్చునుంచి తీసిన ఇటుకను పలకలమీదే నీడలో ఒకటి రెండు రోజులు ఉంచండి. ఆ తర్వాత పేర్చి, తడి గోనెలు కప్పి, పైన పాలిథీన్ పరచి, కనీసం 21 రోజులు తడి ఆరనివ్వకండి. చాందా ఎండలు 45 డిగ్రీలు దాటతాయి. వేడి ఈ చర్యకు శత్రువు కాదు, మిత్రుడు. తడి నిలిస్తే మే నెల ఇటుక డిసెంబరు ఇటుకకన్నా ముందే బలపడుతుంది. కొన్నిచోట్ల ఆవిరి పట్టేది అందుకే. కానీ కప్పకుండా రోజుకు రెండుసార్లు పైపు కొట్టి వదిలేస్తే మధ్యాహ్నానికి పైభాగం ఎండిపోతుంది. నీళ్ళు లేకపోతే గాజు కరగదు, చర్య ఆగిపోతుంది, ఆలోగా గాలి సున్నాన్ని పట్టుకుపోతుంది. అలాంటి ఇటుకను గోటితో గీకితే సుద్దలా రాలుతుంది. తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా ఆ పొరలో పోయిన సున్నం తిరిగి రాదు. చలికాలంలో చర్య మందగిస్తుంది కాబట్టి 28 రోజులు ఉంచండి.

సున్నం, జిప్సం కుదరనివాళ్ళు సిమెంటుతో చేస్తున్నారు. బూడిద 50 నుంచి 60 శాతం, డస్ట్ 32 నుంచి 40, సిమెంటు 8 నుంచి 12. సిమెంటు నీళ్ళతో గట్టిపడేటప్పుడు దానంతటదే సున్నాన్ని వదులుతుంది, బూడిద దాన్ని తింటుంది. పని సులువు, ఖర్చు ఎక్కువ. మంచి సున్నం దొరికితే సున్నం ఇటుకే నా సలహా.

బూడిద లేని ఊళ్ళకు పాత దారి ఉంది, సుర్ఖీ. కాల్చిన మట్టి కూడా సున్నం తింటుంది. కేరళ, తమిళనాడు సరిహద్దులో 1895లో పూర్తయిన ముల్లపెరియార్ డ్యామును, మైసూరు దగ్గర కృష్ణరాజసాగరాన్ని సున్నం, సుర్ఖీతోనే కట్టారు. మితంగా కాలిన ఎర్ర ఇటుకముక్కలను మెత్తగా దంచి వాడండి. ఎక్కువ కాలి నల్లబడ్డవి పనికిరావు. సిరోంచా, గడ్చిరోలి వైపు రైసుమిల్లుల ఊక బూడిద కూడా మంచిదే, 700 డిగ్రీలలోపు కాలినదైతే. అంతకుమించి కాలితే స్ఫటికం కడుతుంది, సున్నానికి లొంగదు, ఊపిరితిత్తులకూ చెడుపు. ఏ పొడితో పనిచేసినా ముక్కుకు మాస్క్, సున్నం దగ్గర కళ్ళద్దాలు, చేతికి గ్లవుజులు ఉండాలి. సున్నం కంట్లో పడితే మంచినీళ్ళతో కడుగుతూనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

(సభలో ఒకరు: సార్, స్లాబ్ కాంక్రీటులో సిమెంటు తగ్గించి ఈ బూడిద వేసుకోవచ్చా?)

అన్నా, ముందు బస్తా మీద చూడు. పీపీసీ, అంటే పొజ్జోలానా సిమెంటు అని ఉంటే అందులో కంపెనీవాళ్ళే 15 నుంచి 35 శాతం బూడిద కలిపేశారు. దాంట్లో మళ్ళీ బూడిద వేస్తే తినడానికి సున్నం మిగలదు, ఆ బూడిద ఒట్టి దుమ్ముగా ఉండిపోతుంది. ఓపీసీ, అంటే బూడిద కలపని మామూలు సిమెంటు అయితే, ఇంజనీరు మిక్స్ డిజైన్ చేసి ఇస్తేనే, 20, 25 శాతం దాకా మార్చుకుంటారు. మొదటి వారంలో బలం తక్కువగా ఉంటుంది కాబట్టి సెంట్రింగ్ తొందరపడి విప్పకూడదు. ఇంకో మాట. సున్నం, బూడిద మిశ్రమాన్ని స్లాబుల్లో, పిల్లర్లలో సిమెంటు బదులు వేయకండి. రోమన్ల కట్టడాల్లో ఇనుప ఊచల్లేవు. ఊచ తుప్పుపట్టకుండా కాపాడేది కాంక్రీటులోని క్షారమే, బూడిద సున్నాన్ని తినేకొద్దీ అది తగ్గుతుంది. గోడలకు, పునాదులకు, నేలకు, గచ్చుకు వాడండి.

(ఇంకొకరు: కాస్టిక్ సోడా పోస్తే సున్నం లేకుండానే గట్టిపడుతుందంటున్నారు, నిజమేనా సార్?)

నిజమే తమ్ముడూ, దాన్ని జియోపాలిమర్ అంటారు. కాస్టిక్ సోడా, సోడియం సిలికేట్ ద్రావణం గాజును కరిగిస్తాయి, సాధారణంగా ఒక రోజు 60 నుంచి 80 డిగ్రీల వేడి పెడతారు. అగ్నిపర్వత బూడిదతో కూడా చేస్తున్నారు. కానీ ఆ ద్రావణం చర్మాన్ని కాల్చేస్తుంది, కన్ను పోగొడుతుంది. పాళ్ళు కొంచెం తప్పితే ఇటుక మీద తెల్లటి ఉప్పు పూస్తుంది. ల్యాబ్, శిక్షణ పొందిన మనుషులు లేని చోట అది పెట్టకూడదు.

(మరొకరు: కొనేచోట ఇటుక బాగుందో లేదో లారీ ఎక్కించే ముందు ఎట్లా తెలుసుకోవాలి?)

28 రోజులు నిండిన ఇటుకల్లోంచి మీరే ఏరుకుని ఐదు తీయండి, వాళ్ళు ఇచ్చినవి కాదు. ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర బరువు నిలకడయ్యేదాకా ఆరబెట్టి తూచి, 24 గంటలు నీళ్ళలో ముంచి, తుడిచి మళ్ళీ తూచాలి. ఓవెన్ లేకపోతే రెండు మూడు రోజులు గట్టి ఎండలో ఆరబెట్టినా ఉజ్జాయింపు తెలుస్తుంది. 3 కిలోల ఇటుక 3.6 కిలోలు దాటితే నూటికి 20 పాళ్ళకు మించి నీళ్ళు తాగినట్టు, ప్రమాణం దానికి ఒప్పుకోదు. ఇంకో ఐదింటిని దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుకు పంపి నలగ్గొట్టించండి. రెండంతస్తుల ఇంటి గోడకు చదరపు మిల్లీమీటరుకు 7.5 న్యూటన్లు వచ్చిన ఇటుక తీసుకోండి. సగటు బాగుండి ఒక్కటి మాత్రం బాగా తక్కువొస్తే తూకంలోనో, కలపడంలోనో తేడా జరిగింది. ఐదూ తక్కువొస్తే సున్నాన్నో, తడినో అనుమానించండి. ఇటుక విరిచి లోపల చూడండి. పైపొర తెల్లగా సుద్దలా, లోపల గట్టిగా ఉంటే తడి చాలలేదు. లోపల కూడా మెత్తగా ఉంటే బూడిదా సున్నమూ మళ్ళీ ఉండలు చేసి పరీక్షించండి.